సిలావోస్ (రీయూనియన్ దీవి): ఆగస్టులో నాలుగు రాత్రులు, పితోన్ దె నేజ్ ఎక్కాలి. ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

#1 వైజాగ్_సంచారి

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో వారంలో మొరీషస్ నుంచి రీయూనియన్‌కి దాటి, సిలావోస్‌లో నాలుగు రాత్రులు ఉందామని అనుకుంటున్నాం. మొత్తం నలుగురం: మేమిద్దరం, తమ్ముడు, అమ్మ (61 ఏళ్ళు, మోకాళ్ళు అంతంతమాత్రం). అందరం శాకాహారులం, ఫ్రెంచ్ ఎవరికీ రాదు.

ప్లాన్ ఇదీ. మొదటి రోజు సాయంత్రానికి సిలావోస్ చేరడం. రెండో రోజు పితోన్ దె నేజ్ శిఖరం ఎక్కి దిగడం. మూడో రోజు కోల్ దు తైబిత్ అనే కనుమ మీదుగా మర్లా అనే ఊరికి వెళ్ళి రావడం. నాలుగో రోజు బ్రా రూజ్ జలపాతం. ఐదో రోజు సాయంత్రం 6కి సేన్ దెనీ నుంచి ఫ్లైట్.

వీసా, కారు, భోజనం, అమ్మకి అక్కడ ఏముంటుంది, ఈ నాలుగింటి మీదా తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 కాలిబాట

సంచారి గారూ, దూరాల లెక్క మీకు సరిగ్గానే కుదిరింది, మబ్బు లెక్క వేసుకోలేదు. సిలావోస్ ఊరు దాదాపు 1,200 మీటర్ల ఎత్తున, చుట్టూ నిట్రమైన కొండగోడలున్న పెద్ద గిన్నెలో ఉంటుంది. ఎండాకాలమైనా చలికాలమైనా పొద్దున ఆకాశం తేటగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీది తేమ లోయల వెంట పైకి పాకుతుంది. 10, 11 గంటలకల్లా శిఖరాలు కనపడకుండా పోతాయి. మధ్యాహ్నం తెల్లటి పొగలో నడవడమే. కాబట్టి చూడాల్సింది ఏదైనా 9:30లోపు చూసెయ్యాలి. మధ్యాహ్నాలు ప్రయాణానికీ, తిండికీ, నిద్రకీ వాడుకోండి.

రెండోది, వరసగా మూడు రోజులు నడక పెట్టారు. పితోన్ దె నేజ్ 3,070 మీటర్లు, హిందూ మహాసముద్రం మొత్తంలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. నడక మొదలయ్యే లె బ్లోక్ దాదాపు 1,380 దగ్గర. అంటే దాదాపు 1,700 మీటర్లు ఎక్కి, అంతా దిగాలి. మర్నాడు తైబిత్‌కి కాళ్ళు ససేమిరా అంటాయి.

#3 పోర్ట్‌లూయీ_మావయ్య

వీసా సంగతి ముందు తేల్చుకోండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రీయూనియన్ ఫ్రాన్స్‌లో భాగమే, యూరోపియన్ యూనియన్‌లోనూ భాగమే, షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) మాత్రం కాదు. మామూలు షెంజెన్ వీసా ఉంది కదా అని విమానం ఎక్కబోతే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. దరఖాస్తులో వెళ్ళే చోటు రీయూనియన్ అని రాయాలి, పాస్‌పోర్ట్‌లో అంటించే స్టిక్కర్ మీద కూడా రీయూనియన్‌కి చెల్లుతుందని ఉండాలి. హైదరాబాద్‌లో ఫ్రాన్స్ వీసాలు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో ఆ మాట నోటితో కూడా చెప్పండి, లేకపోతే అలవాటుకొద్దీ షెంజెన్ ఫారం చేతిలో పెడతారు.

మొరీషస్‌కి భారతీయులకు ముందస్తు వీసా అక్కర్లేదు. అక్కణ్ణుంచి రీయూనియన్‌కి విమానంలో ముప్పావుగంట. రీయూనియన్‌లో రెండు విమానాశ్రయాలు: ఉత్తరాన సేన్ దెనీ దగ్గర రోలాన్ గరోస్, దక్షిణాన సేన్ ప్యేర్ దగ్గర పియెర్‌ఫోన్. సిలావోస్‌కి పియెర్‌ఫోన్ చాలా దగ్గర. అక్కడికి టికెట్ దొరికితే వదలకండి, రోడ్డు మీద గంటకి పైనే మిగులుతుంది.

ఇన్సూరెన్స్‌లో కొండ నడక కవర్ అవుతుందా, ఎంత ఎత్తు వరకు అన్నది చదవండి. కొన్ని పాలసీలు 3,000 మీటర్ల దగ్గర గీత గీస్తాయి. మీ శిఖరం ఆ గీతకి 70 మీటర్లు పైన.

#4 ఇందు_సేన్‌ప్యేర్

కారు గురించి. కోస్తాలోని సేన్ లూయీ నుంచి సిలావోస్‌కి ఒకటే రోడ్డు, ఆర్‌ఎన్ 5. 37 కిలోమీటర్లు. స్థానికులు దాన్ని 400 మలుపుల దారి అంటారు. గంట నుంచి గంటంపావు పడుతుంది, వాన పడితే ఇంకా ఎక్కువ.

కొన్ని సొరంగాలు ఒక్క బండికే సరిపోతాయి. ముందు హెడ్‌లైట్లు వేసి, లోపల ఎదురుగా వెలుతురు కనపడుతోందా చూసి దూరండి. గుడ్డి మలుపుల ముందు ఒక చిన్న హారన్ కొట్టండి, మనవాళ్ళలాగా వాయించక్కర్లేదు. బస్సు ఎదురైతే అది మలుపు మొత్తం తీసుకుంటుంది. వెడల్పు ఉన్న చోటే ఆగి దారి ఇవ్వండి, ముందుకెళ్ళి ఇరుక్కుంటే వెనక్కి రావాల్సింది మీరే. దిగేటప్పుడు రెండో గేర్‌లో ఉంచండి. బ్రేక్ మీద కాలు వేసుకుని దిగితే సగం దూరంలోనే కాలిన వాసన వస్తుంది.

అద్దెకి దొరికే చిన్న బళ్ళు ఎక్కువగా మాన్యువల్ గేర్లవే, ఆటోమేటిక్ కావాలంటే ముందే అడగాలి. ఇక్కడ కుడివైపు నడపాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీవో దగ్గర తీసుకుని రండి. పెట్రోలు సేన్ లూయీలోనే నింపేయండి. రాత్రి పూట మొదటిసారి ఈ రోడ్డు ఎక్కొద్దు. ఆగస్టులో సాయంత్రం 6కి సూర్యుడు దిగిపోతాడు, ఆ తర్వాత అరగంటలో చిమ్మచీకటే.

వెనక సీట్లో కూర్చునేవాళ్ళకి వాంతులు వచ్చే అవకాశం గట్టిగా ఉంది. అవోమిన్ లాంటి మాత్ర సేన్ లూయీకి ఓ గంట ముందు వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. నిద్రమత్తు తెస్తుంది కనుక డ్రైవింగ్ చేసేవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు.

కారు వద్దనుకుంటే సేన్ లూయీ బస్టాండ్ నుంచి సిలావోస్‌కి ఊరి బస్సులున్నాయి. సిలావోస్ నుంచి బ్రా సెక్, ఇలే ఆ కోర్ద్ అనే పల్లెలకి వెళ్ళే చిన్న బస్సులు నడక మొదలయ్యే చోట్ల ఆగుతాయి. ఆదివారం మాత్రం బస్సులు బాగా తక్కువ.

#5 వైజాగ్_సంచారి

ఎంత మంచి సమాచారం, అందరికీ థ్యాంక్స్. పితోన్ దె నేజ్ ఒక్కరోజులో చేసినవాళ్ళు ఉన్నారని చదివాను. పైన జీత్‌లో (నడిచేవాళ్ళు రాత్రికి ఆగే బసలో) పడుకోవడం తప్పనిసరా? తమ్ముడు రోజూ పరుగెత్తేవాడే.

#6 కాలిబాట

తప్పనిసరి కాదు. మీ ముగ్గురికీ మాత్రం రెండు రోజులే మేలు. వివరంగా చెప్తాను.

దారి రెండు ముక్కలు. మొదటిది లె బ్లోక్ నుంచి కావెర్న్ దుఫూర్ జీత్ వరకు. జీత్ ఉన్నది 2,478 మీటర్ల దగ్గర, అంటే దాదాపు 1,100 మీటర్ల ఎక్కుడు. రెండున్నర నుంచి మూడున్నర గంటలు. మొదట్లో క్రిప్టోమేరియా చెట్ల నీడ, తర్వాత ప్తీ మతారుం అనే చదును దగ్గర కాస్త ఊపిరి తీసుకోవచ్చు. ఆపైన జీత్ దాకా మెట్లే మెట్లు. అడ్డంగా పాతిన దుంగలు, రాళ్ళు, ఒక్కోటి మోకాలెత్తు. దుంగ వెనక మట్టి కొట్టుకుపోయి గుంట పడి ఉంటుంది, దుంగ మీద కాలు వేస్తే తడిసినప్పుడు జారుతుంది. దుంగ మీద కాకుండా దాని వెనకున్న రాయి మీదో మట్టి మీదో అడుగు వెయ్యండి.

రెండోది జీత్ నుంచి శిఖరానికి, మరో 600 మీటర్లు. గంటన్నర నుంచి రెండు గంటలు. పొదలు అయిపోయి, ఎర్రటి నల్లటి లావా రాళ్ళు మొదలవుతాయి. ఇక్కడ మెట్లుండవు, రాళ్ళ మీద తెల్ల పెయింటు గుర్తులే దారి. చీకట్లో ఒక గుర్తు దగ్గర నిలబడి తర్వాతి గుర్తు లైటులో కనపడ్డాకే కదలాలి. ముందువాళ్ళ లైట్లు చూసి వెళ్తే వాళ్ళు తప్పిన చోటే మీరూ తప్పుతారు.

ఆగస్టు మధ్యలో సూర్యోదయం 6:40 ప్రాంతంలో. 4:30కి జీత్ నుంచి బయల్దేరితే చాలు. చాలామంది 3:30కే లేచి పరుగెడతారు, పైకెళ్ళి గంటసేపు చలిగాలిలో వణుకుతారు. ఆ వేళకి పైన సున్నా దగ్గరో దాని కిందో ఉంటుంది, గాలి వేరే. ఎక్కేటప్పుడు పల్చటి చొక్కా చాలు, పైకి చేరగానే తడిసింది తీసేసి పొడిది వేసుకుని, దానిమీద ఫ్లీస్, గాలి ఆపే జాకెట్, టోపీ, గ్లవ్స్. చెమట చొక్కా ఒంటిమీదే ఉంచుకుంటే ఎన్ని జాకెట్లు వేసినా చలి ఆగదు.

దిగడానికి శిఖరం నుంచి జీత్‌కి గంటంపావు, అక్కడ టీ కాఫీ, మళ్ళీ బ్లోక్‌కి రెండు గంటలు పైచిలుకు. నొప్పులన్నీ ఈ దిగుడులోనే. ట్రెక్కింగ్ కర్రలు రెండు ఉంటే మోకాళ్ళ మీద బరువు సగం కాకపోయినా గట్టిగానే తగ్గుతుంది. ముందు రోజే గోళ్ళు కత్తిరించుకోండి, లేకపోతే బూటు ముందుకి కొట్టుకుని బొటనవేలి గోరు నల్లబడుతుంది.

నీళ్ళు మనిషికి 3 లీటర్లు. దారిలో నమ్మదగ్గ ఊట లేదు. జీత్‌లో కొనుక్కోవచ్చు, కొండ మీది ధర.

బ్లోక్ దగ్గర పార్కింగ్ చిన్నది, కారు అద్దాలు పగలగొట్టి దొంగతనాలు జరుగుతుంటాయి. బ్యాగులన్నీ హోటల్లో పెట్టి, ఖాళీ బండి వదలండి. డ్యాష్‌బోర్డు అర తెరిచి ఉంచితే లోపల ఏమీ లేదని తెలుస్తుంది. ఇంకా మేలు, బ్రా సెక్ బస్సు ఎక్కి బ్లోక్ దగ్గర దిగడం.

#7 పరుగుల_పిచ్చి

చిన్న అభ్యంతరం. తమ్ముడు నిజంగా రోజూ పరుగెత్తేవాడైతే ఒక్కరోజు దారి బాగుంటుంది. రాత్రి 1:30కి బ్లోక్ దగ్గర మొదలుపెడితే సూర్యోదయానికి పైన ఉంటాడు, 11కల్లా కింద. జీత్‌లో గురకల మధ్య నిద్రపోలేని బాధ ఉండదు, వీపు మీద రెండు కిలోలు తక్కువ.

#8 కాలిబాట

ఒక్కడే రాత్రి 1:30కి తడి మెట్ల మీద? కనీసం ఇద్దరుండాలి. ఇంకో విషయం, సముద్రం ఒడ్డు నుంచి నేరుగా వచ్చి అదే రాత్రి 3,000 దాటితే కొంతమందికి తలనొప్పి, వికారం వస్తాయి. జీత్‌లో ఒక రాత్రి గడిపితే అది చాలావరకు తప్పుతుంది. రికార్డుల కోసం వెళ్ళేవాళ్ళ సంగతి వేరు లెండి.

#9 పరుగుల_పిచ్చి

ఇద్దరుండాలన్నది ఒప్పుకుంటా. తలనొప్పి మాట మాత్రం మనిషిని బట్టి.

#10 ఇందు_సేన్‌ప్యేర్

జీత్ బుకింగ్ మర్చిపోకండి. నేరుగా వెళ్ళి తలుపు కొడితే మంచం ఉండదు. దీవి పర్యాటక సంస్థ బుకింగ్ కేంద్రం ద్వారా పడక, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ విడివిడిగా బుక్ చెయ్యాలి. బుక్ చేసే ముందు జీత్ తెరిచి ఉందో లేదో చూడండి, మరమ్మతులకి మూస్తుంటారు. మీ తేదీల్లో ఇంకో చిక్కుంది. జూలై రెండో వారం నుంచి ఆగస్టు మధ్య దాకా ఇక్కడ స్కూళ్ళకి సెలవులు. పైగా ఆగస్టు 15 ఇక్కడా సెలవే, మరియమ్మ పండగ. ఆ వారాంతంలో సిలావోస్‌లో గదులు, పైన పడకలు రెండూ నెలల ముందే అయిపోతాయి. వారం మధ్యలో పెట్టుకోండి.

లోపల బంక్ మంచాల డార్మిటరీ. వేడినీళ్ళ స్నానం ఆశించొద్దు. స్లీపింగ్ బ్యాగ్ లైనర్ తెచ్చుకోవాలి. చెవుల్లో పెట్టుకునే స్పాంజ్ ముక్కలు పరుగుల_పిచ్చి గారి బాధకి మందు. కార్డు పనిచేయకపోవచ్చు, చిన్న నోట్లుంచుకోండి.

#11 పప్పుచారు

తిండి నా వంతు. తెలుగువాడికి రీయూనియన్ తిండి పరాయిది కాదు. పళ్ళెంలో అన్నం, పక్కన పప్పుధాన్యం ఒకటి, ఆకుకూర వేపుడు, కారంగా టమాటా పచ్చడిలాంటి రుగాయ్, నంజుకోవడానికి పచ్చిమిర్చి ముద్ద. ఆకుకూరల్ని బ్రెద్ అంటారు. బ్రెద్ మురుంగ్ అంటే మునగాకు, బ్రెద్ పర్యెతేర్ అంటే తోటకూర. బోన్‌బోన్ పిమాన్ అని అమ్మేది పప్పు రుబ్బి పచ్చిమిర్చి వేసి వేయించిన వడే.

చిక్కు ఎక్కడంటే, ఈ పళ్ళెం మధ్యలో ఉండే కారీ అనే కూర దాదాపు ఎప్పుడూ కోడి, చేప, లేదా పంది సాసేజ్. అది తీసేసి మిగతావి పెట్టమంటే ఆనందంగా పెడతారు. అసలు మోసం పప్పులో ఉంటుంది. సిలావోస్ పప్పులో రుచి కోసం బుకానే, అంటే పొగబెట్టిన పంది మాంసం ముక్కలు వేసి వండడం మామూలే. పైకి కనపడదు. "లాంతియ్, సాన్ బుకానే?" అని తప్పకుండా అడగండి. మొత్తం మీద చెప్పాలంటే "సాన్ వ్యాంద్, సాన్ ప్వాసోన్", మాంసం లేకుండా, చేప లేకుండా. ఒక్క "వెజెతేరియాన్" అంటే చేప పెట్టేసినా ఆశ్చర్యపోకండి.

జీత్‌లో వంట పెద్ద గిన్నెల్లో అందరికీ ఒకేసారి అవుతుంది, వెళ్ళాక చెబితే అన్నం, మిర్చిముద్ద మిగులుతాయి. బుకింగ్‌లోనే శాకాహారం అని రాసి, రెండు రోజుల ముందు ఫోన్ చేసి గుర్తు చెయ్యాలి. ఫోన్ మీ హోటల్ వాళ్ళ చేత చేయించండి.

ఇంటి నుంచి తెచ్చుకునేవి: కందిపొడి, పులిహోర పొడి, అటుకులు, వేరుశనగ చిక్కీ, నూనె పచ్చడి సీల్ చేసిన ప్యాకెట్లలో. తేకూడనివి: పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలు, మొక్కలు, గింజలు. యూరోపియన్ యూనియన్ నియమాలు కనుక నెయ్యి, పాలకోవా, నేతి మిఠాయిలు కూడా కస్టమ్స్‌లో పోతాయి. సున్నుండలు ఇంట్లోనే తినేసి రండి.

సిలావోస్ పప్పు చిన్న గోధుమరంగు గింజ, నానబెట్టకుండానే ఉడుకుతుంది. మెట్లమెట్ల చిన్న మళ్ళలో పండించి చేత్తో కోస్తారు కాబట్టి ధర మన కళ్ళకి కొడుతుంది. చవగ్గా అమ్ముతున్నారంటే బయటి దేశపు పప్పు కలిపారని అర్థం. పండించేవాళ్ళ ఇంటి దగ్గరే కొనండి, ఇలే ఆ కోర్ద్ వైపు రోడ్డు పక్కన బోర్డులుంటాయి.

#12 వైజాగ్_సంచారి

పప్పుచారు గారూ, బుకానే సంగతి చెప్పి కాపాడారు. అమ్మ గురించి ఎవరైనా?

#13 ఇందు_సేన్‌ప్యేర్

అమ్మగారికి చాలానే ఉంది. రోష్ మెర్వెయ్యూజ్ అనే రాతిగుట్ట దాకా అడవిలోంచి కారు రోడ్డు ఉంది, చివర కొద్దిపాటి నడక. ఊరు, చుట్టూ గోడలు అన్నీ అక్కణ్ణుంచి కనపడతాయి. పొద్దున 7, 8 మధ్య వెళ్ళాలి. ఊళ్ళో మార్ ఆ జోంక్ చెరువు చుట్టూ చదునుగా తిరగొచ్చు. సిలావోస్ ఎంబ్రాయిడరీకి పేరున్న ఊరు, ఆ పనికొక మ్యూజియం ఉంది, కుట్టేవాళ్ళని చూడొచ్చు. వేడినీటి ఊటల స్నానశాల ఉంది. మోకాళ్ళకి హాయిగా ఉంటుంది, వైద్యం మాత్రం అనుకోవద్దు. మీరు జీత్‌కి వెళ్ళే రోజుకి ఆవిడకి స్లాట్ బుక్ చేసి, టైమింగులు ముందే అడగండి. స్విమ్ సూట్, తలకి టోపీ లేకుండా లోపలికి రానివ్వరు, చీరతో సరిపెట్టుకుందాం అంటే కుదరదు.

ఇంకోటి. సేన్ లూయీ పైన లె మాక్ అనే ఊరు దాటి వెళ్తే లా ఫెనెత్ర్ అనే చోటు ఉంది, 1,587 మీటర్లు. బండి అంచు దాకా వెళ్తుంది. అక్కడ నిలబడితే సిలావోస్ గిన్నె మొత్తం పై నుంచి కనపడుతుంది. 9 దాటితే అక్కడ కనపడేది మబ్బే.

#14 రవళి_తులూజ్

తైబిత్ మీద నాలుగు మాటలు. నడక మొదలయ్యేది ఇలే ఆ కోర్ద్ రోడ్డు మీద, ఊరి నుంచి కాదు. ఊరి నుంచి కూడా దారి ఉంది, కానీ అది ముందు బ్రా రూజ్ లోయలోకి దింపి మళ్ళీ ఎక్కిస్తుంది, ఉత్త పుణ్యానికి గంటన్నర. బస్సో టాక్సీయో ఎక్కి రోడ్డు మీది బోర్డు దగ్గర దిగండి. అక్కణ్ణుంచి కనుమ 2,081 మీటర్లు, 830 మీటర్ల ఎక్కుడు, రెండున్నర గంటలు. సగం దారిలో మూలికల టీ అమ్మే చిన్న పాక వస్తుంది. ఎక్కేవాళ్ళకి ఒక టీ, దిగేవాళ్ళకి ఒక టీ అని వేరువేరుగా ఇస్తారు. మందుగా ఎంత పనిచేస్తుందో గానీ, కూర్చోడానికి అంతకన్నా మంచి చోటు ఆ దారిలో లేదు.

కనుమ దాటాక 45 నిమిషాల నుంచి గంటలో మర్లా. మర్లా మఫాత్ లోయలోని ఊరు, దాదాపు 1,600 మీటర్లు. మఫాత్‌కి కారు రోడ్డే లేదు, సరుకులన్నీ హెలికాప్టర్‌లో వస్తాయి. అందుకే అక్కడ కూల్ డ్రింక్ ధర చూసి గొడవపడకండి. అదే రోజు తిరిగి రావాలంటే మొత్తం ఆరు గంటల నడక, 6:30కి మొదలెట్టండి. వచ్చేటప్పుడు మర్లా నుంచి కనుమకి మళ్ళీ దాదాపు 480 మీటర్లు ఎక్కాలన్నది చాలామంది లెక్కలో వేసుకోరు. పితోన్ మర్నాడైతే ఇది అసలు పెట్టొద్దు, కాలిబాట గారు చెప్పిందే నా మాట.

#15 కాలిబాట

బ్రా రూజ్ జలపాతం: స్నానశాల దగ్గర మొదలై కిందికి దిగే దారి, రానూపోనూ రెండు గంటలు చాలు. తిరుగు దారి ఎక్కుడు కాబట్టి ఎండెక్కక ముందే వెళ్ళండి. జలపాతం కింద నిలబడి ఫోటోలు దిగొద్దు, పైనుంచి రాళ్ళు రాలతాయి. ఊళ్ళో ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే వాగు నిమిషాల్లో పొంగుతుంది. నీళ్ళ రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఆ క్షణమే ఒడ్డెక్కాలి. వాగునీళ్ళు తాగొద్దు, కాలికి పుండు ఉంటే నీళ్ళలో దిగొద్దు. దీవిలో లెప్టోస్పైరోసిస్ ఉంది, మనకి తెలిసిన ఎలుక జ్వరమే.

దారులు మూసి ఉన్నాయా లేదా అన్నది అటవీ సంస్థ ఓఎన్ఎఫ్ సైట్‌లో జాబితాగా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం చూడాలి, వారం ముందు చూసింది లెక్కలోకి రాదు. మొదట్లో అడ్డంగా బోర్డు ఉంటే దాటొద్దు. ఆ మలుపు తర్వాత వంతెనే ఉండకపోవచ్చు.

పాముల భయం వద్దు. నడక దారుల్లో మనిషికి ప్రమాదమైన జంతువేదీ లేదు. మీ వెంట గెంతుతూ వచ్చే చిన్న పిట్ట తెక్‌తెక్, ఏమీ పెట్టకండి దానికి.

#16 పోర్ట్‌లూయీ_మావయ్య

ఎవరైనా జనవరి నుంచి మార్చి మధ్య వెళ్దామని ఇది చదువుతుంటే, ఆ ఆలోచన మానుకోండి. తుఫానుల కాలం. ఈ దీవి వానలో ప్రపంచ రికార్డులున్న చోటు: 1966 జనవరిలో ఫోక్‌ఫోక్ దగ్గర 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్లు, 2007 ఫిబ్రవరిలో గమేద్ తుఫానుకి కొమ్మెర్సోన్ దగ్గర మూడు రోజుల్లో 3,930. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కలిపితే 800 దగ్గర. తుఫాను రెడ్ అలర్ట్ ఇస్తే ఇంట్లోంచి బయటికి రావడం నిషేధం. ఆ తర్వాత కూడా దారులు వారాలు, ఒక్కోసారి నెలలు మూసే ఉంటాయి. మే నుంచి నవంబర్ మంచి కాలం. అందులోనూ అక్టోబర్ రెండో సగంలో గ్రాన్ రెయిద్ పరుగు పోటీ ఉంటుంది, అది సిలావోస్ మీదుగానే పోతుంది, గది దొరకదు.

మాటల్లో మాట. 1828లో చెరకు తోటల పనికి ఈ దీవికి వచ్చిన తొలి భారతీయ కూలీలు యానాం నుంచి వచ్చిన తెలుగువాళ్ళే. తర్వాత వచ్చిన తమిళుల సంఖ్య ముందు వాళ్ళ పేర్లు కనపడకుండా పోయాయి.

#17 వైజాగ్_సంచారి

మార్చిన ప్లాన్:

మంగళవారం పియెర్‌ఫోన్‌లో దిగి చీకటి పడకముందే సిలావోస్. బుధవారం పొద్దున అందరం రోష్ మెర్వెయ్యూజ్, తర్వాత ముగ్గురం బ్రా రూజ్. గురువారం 11కి బ్లోక్ నుంచి జీత్‌కి, అమ్మ ఊళ్ళో. శుక్రవారం సూర్యోదయం, మధ్యాహ్నానికి కిందికి. శనివారం పొద్దున లా ఫెనెత్ర్ చూసుకుని సేన్ దెనీ, సాయంత్రం 6 ఫ్లైట్. మర్లా వదిలేశాం.

#18 రవళి_తులూజ్

బాగుంది. గురువారం 11 కాదు, 9కి మొదలెట్టండి. 11కి బయల్దేరితే మెట్లన్నీ మబ్బులో, మధ్యాహ్నపు చినుకుల్లో ఎక్కాలి. తొందరగా చేరితే జీత్ ముందు కూర్చుని బట్టలు ఆరబెట్టుకోవచ్చు, భోజనం 6:30 దాకా రాదు. గురువారం మబ్బు మరీ ఎక్కువ ఉంటుందని వాతావరణ సూచన చెబితే బుధ, గురువారాలు తారుమారు చేసుకునేలా జీత్ బుకింగ్ నియమాలు ముందే చూసుకోండి.

#19 ఇందు_సేన్‌ప్యేర్

శనివారం మీద నాకు అభ్యంతరం ఉంది. ఆర్‌ఎన్ 5 మీద రాళ్ళు పడితే గంటల తరబడి మూసేస్తారు, సిలావోస్ నుంచి బయటపడడానికి ఇంకో బండి రోడ్డు లేదు. మిగిలేది తైబిత్ కాలిబాటే, సూట్‌కేసులతో. శుక్రవారం మధ్యాహ్నం దిగాక స్నానం, భోజనం కానిచ్చి, 3కల్లా బయల్దేరి సేన్ లూయీలోనో సేన్ ప్యేర్‌లోనో పడుకోండి. కొండ దిగిన కాళ్ళతో క్లచ్ తొక్కాల్సింది ఎవరో ముందే అనుకోండి, ఆ రోజు నిద్ర సరిపోనివాళ్ళకి స్టీరింగ్ ఇవ్వకండి. శనివారం పొద్దున అక్కణ్ణుంచి లా ఫెనెత్ర్‌కి గంట లోపే. రోలాన్ గరోస్‌కి కోస్తా రోడ్డు మీద ట్రాఫిక్ లేకపోతే గంటన్నర, ఉంటే ఎంతో చెప్పలేం. మధ్యాహ్నం 12:30కి బయల్దేరండి.

#20 వైజాగ్_సంచారి

సరే, శుక్రవారం రాత్రి సేన్ ప్యేర్. ఆఖరి ప్రశ్న: కొండ మీద ఎవరికైనా కాలు బెణికితే?

#21 కాలిబాట

112కి చెయ్యండి, ఏ నెట్‌వర్క్ సిగ్నల్ ఉన్నా కలుస్తుంది. లోయ మడతల్లో సిగ్నల్ ఉండదు, పైకో కిందికో కొంచెం జరిగితే దొరకొచ్చు. ఎంతమంది, ఏ దారి, చివరగా ఏ బోర్డు దాటారు, ఎత్తు ఎంత, ఇవి చెబితే చాలు. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంటే అక్షాంశ రేఖాంశాలు చదవొచ్చు. కొండ రక్షణ పని పీజీహెచ్ఎం అనే జెండార్మ్ (ఫ్రెంచ్ పోలీసు) దళానిది, హెలికాప్టర్‌లో వస్తారు. ఆ రక్షణకి సాధారణంగా బిల్లు వెయ్యరు, ఆసుపత్రి ఖర్చు మాత్రం మీదే. హెలికాప్టర్ కనపడగానే రెండు చేతులూ వై ఆకారంలో పైకెత్తి కదలకుండా నిలబడాలి. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెడితే సాయం అక్కర్లేదని అర్థం. హుషారుగా ఒంటిచేత్తో టాటా చెప్పకండి.

మబ్బు కమ్మితే హెలికాప్టర్ రాదు, మనుషులు నడిచి రావాలి. అందుకే ఒక వెచ్చటి జాకెట్, అల్యూమినియం సర్వైవల్ దుప్పటి ప్రతి ఒక్కరి సంచిలోనూ విడిగా ఉండాలి, అన్నీ తమ్ముడి బ్యాగులో కుక్కేసి అతన్ని ముందుకి పంపేయొద్దు.